కారుకు పెట్టిన పులుసు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణాలు రెండు. మామ బతికి ఉన్నన్నాళ్లూ ఇది బయటికి రాకూడదు. ఆయన పోయాక రాద్దామంటే నాకు అక్షరాలు రావు. అరవై దాటిన తర్వాత మనవరాలి పలక మీద దిద్దుకున్నాను కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

యుద్ధానికి ముందు మాట. మామ ఒక పాత విలాయతీ కారు కొన్నారు. రాజపాళయం పొలిమేర దాటిందంటే అది కాగిపోయి ఆవిరి కక్కేది. మగవాళ్లు దిగి చెట్టు నీడన నిలబడేవాళ్లు. ఘోషా ఆడవాళ్లం మేము దిగకూడదు. తెరలు కట్టిన వెనక సీట్లో ఇడ్లీల మాదిరి ఉడికేవాళ్లం. మా కాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక బిందెడు నీళ్లు, రేడియేటరులో పోయడానికి.

తళవాయిపురంలో మా అక్క బిడ్డకు చెవులు కుట్టే ముందురోజు మామ తేల్చి చెప్పారు. "రేపు కారు కాగిందంటే సగం దోవలోనే తిరుక్కొస్తాము. చెవులు వాళ్లే కుట్టుకోనీ."

డ్రైవరు మధురై నుంచి రెండు థర్మోస్టాట్లు తెచ్చాడు. ఇంజనులో నీళ్లు వేడెక్కగానే తెరుచుకుని వాటిని రేడియేటరుకు వదిలే ఇత్తడి ముక్కలవి. చూడడానికి రెండూ ఒకటే, మీద నంబరే వేరు.

"పెద్ద నంబరుదే వెయ్యి. అదే ఎక్కువ సూడు తాంగుతుంది," అన్నారు మామ. ఎక్కువ వేడి తట్టుకుంటుందని ఆయన లెక్క.

"చిన్నదే సరి అయ్యా. పెద్దది ఆలస్యంగా తెరుచుకుంటాది."

"కారు నీదా, నాదా?"

మామ పెద్దదానికి ఎర్రదారం కట్టి, పొద్దున బిగించమన్నారు. తలుపు వెనక నేను అంతా విన్నాను. మా ఇళ్లలో కోడలు మామతో నేరుగా మాట్లాడదు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా ఆ రెండింటినీ వంటింట్లోకి తెచ్చి, పొయ్యి మీది నీళ్లలో ఒకదాని తర్వాత ఒకటి వేశాను. అత్త వచ్చారు.

"ఏమి వండుతా ఉన్నావు?"

"కారుకు పులుసు, అత్తా."

ఆమె వంగి చూశారు. దారం లేనిది నీళ్లు సన్నగా కూతపెట్టగానే నోరు తెరిచింది. దారం కట్టినది నీళ్లు తెర్లేదాకా బిగించుకునే ఉంది.

"మొదటిది నా మాదిరి, ఇది నీ మాదిరి," అన్నారు అత్త. "కారుకు ఏది మంచిది?"

"మీ మాదిరిదే."

అత్త కొంగుతో రెండూ తుడిచి, ఎర్రదారం విప్పి తన మాదిరిదానికి కట్టారు.

మరునాడు పొద్దున డ్రైవరు దారం విప్పి, నంబరు చూసి, తలుపు వైపు చూశాడు. నేను గాజులు ఒకసారి గలగలలాడించాను. అతను దాన్నే బిగించాడు.

తళవాయిపురం దాకా కారు ఒక్కచోటైనా ఆగలేదు. "చూసినావా, పెద్ద నంబరు," అన్నారు ముందు సీట్లో మామ. "అవునయ్యా," అన్నాడు డ్రైవరు. తెర వెనక అత్త నా తొడ గిల్లారు.

అక్క గుమ్మం ముందు దిగి, చుక్క తగ్గని ఆ బిందె నీళ్లతో కాళ్లు కడుక్కున్నాను.