ఏ గోడ గీకొద్దో చెప్పమన్న మేస్త్రమ్మ

మా మేస్త్రమ్మ పోయి నెల కావస్తోంది. కబురు ఫోన్‌లో వచ్చేసరికి నేను గాజువాకలో ఒక ఇంటి గోడ గీకుతున్నాను. ఆ గోడ పూర్తి చేసే కదిలాను. సగంలో వదిలేసి వెళ్తే ఆవిడ ఒప్పుకునే మనిషి కాదు.

పన్నెండేళ్లు ఆవిడ ముఠాలో ఇళ్లకు రంగులు వేశాను. రేటు చెప్పే ముందు ఆవిడ గోడను అరచేత్తో రుద్దేది. తెల్లపొడి అంటితే సముద్రపు గాలి ఆ గోడను తినేస్తున్నట్టే, గీకుడు ఎక్కువే. రంగు డబ్బాలకు మారుమాట లేకుండా ఇచ్చేవాళ్లు కూడా గీకుడు కూలి దగ్గర గంటసేపు బేరమాడతారు. మీరూ బేరమాడే ఉంటారు. కానీ రంగు నిలబడేది గీకుడు మీదే.

ఆ గీకుడు, పగుళ్లకు పుట్టీ పూసే పని ఆడవాళ్లది, బ్రష్షు మగవాళ్లది. ఎక్కడ చూసినా మాకు కూలి తక్కువ. ఆవిడ దగ్గర మాత్రం అందరికీ ఒకటే. అందుకే ఆవిడ రేటు ఎక్కువ, పనులు తక్కువ. ఒక్కోసారి నాకు ఒళ్లు మండేది. సమానం సంగతి తర్వాత, ముందు పొయ్యి వెలగాలి కదా అని మొహం మీదే అనేశాను. ఆవిడ నవ్వి నాకు టీ పోసింది.

ఒకసారి మూడు వారాలు పని లేక కూర్చున్నాక మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ దొరికేలా ఉంది. నలుగురు ఆడకూలీలున్నారు కదా, ఆ మేరకు తగ్గించమన్నారు అక్కడి సెక్రటరీగారు. ఆవిడ ఒప్పుకుంటే బాగుండునని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"ఆళ్ల కూలి తగ్గిత్తే ఆళ్ల పనీ తగ్గాల బాబూ. ఏ గోడ గీకొద్దో మీరే సెప్పండి," అంది.

ఆయనా తక్కువవాడేం కాదు. జనరేటర్ వైపు వెనక గోడ చూపించి, దాన్నెవరు చూస్తారన్నారు. ఏడాది ఆగదని ఆవిడ చెప్పినా వినలేదు. సరేనని మూడు వైపులా గీకాం, నాలుగో గోడకు పైపైన రంగు వేశాం. కూలి మాత్రం ఆవిడ అందరికీ ఒకటే ఇచ్చింది.

వానలు వెళ్లేసరికి ఆ గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మిగతా మూడూ చెక్కుచెదరలేదు. సెక్రటరీగారు మళ్లీ పిలిస్తే నేను తెగ సంబరపడిపోయాను. ఆవిడ ఆ గోడను అరచేత్తో రుద్ది చూసింది.

"మనిసి మీద పంతంతో గోడకి అన్యాయం సేసీసినాను," అంది.

ఆ రోజు అందరికంటే ముందు గీకడం మొదలుపెట్టింది ఆవిడే. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు చాలా గర్వం.

ఆవిడ దినం రోజున ఆ సెక్రటరీగారు మల్కాపురంలో ఆవిడ ఇంటికి వచ్చారు. ఫొటోకు దండం పెట్టి, నా దగ్గరికొచ్చి, మళ్లీ రంగులు వేయించాలి, ముఠా మీరే నడుపుతారా అన్నారు. అవునన్నాను. ఆడవాళ్లకెంత, మగవాళ్లకెంత అని అడుగుతారని కాచుకుని ఉన్నాను.

"మనిషికెంతమ్మా?" అన్నారు.

చెప్పాను. ఆయన తలూపి, చెప్పులు తొడుక్కుని, మా ఇరుకు సందులోంచి మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాం, ఆడా మగా ఆరుగురం.