రెండు బండ్లు, డజను గుడ్లు

వెంకటముని తన జీవితంలో సైకిలు తప్ప ఏ బండీ కొన్నవాడు కాదు. అలాంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున రెండు ఖరీదైన కరెంటు కార్లలో ఏది మంచిదో తేల్చే పని పడింది. అతను ఏది బాగుందంటే అది నగరిలోని మిల్లు యజమానుల ఇంటికి వస్తుంది, రెండోది షోరూముకు తిరిగిపోతుంది.

నిజానికి ఆ పని యజమాని మురుగేష్‌ది. మురుగేష్ చదువుకున్నవాడు, నలభై మరమగ్గాల మిల్లును ఒంటిచేత్తో నడిపిస్తున్నవాడు. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం మూడు నెలలుగా ఫోనులో వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కించుకున్నాడు. ఈ రోజు తెల్లది గొప్పదంటాడు, మర్నాటికి నీలంది అంటాడు. చివరికి అతని తల్లి ప్రసూనాంబకు విసుగొచ్చింది.

"బండ్లో కూసునేది నేను, తోలేది ముని. నడమన నీ గోలేందిరా? ముని ఏది బాగుండాదంటే అది తెప్పించు" అంది.

కూర్చునేది ఆమె అన్నమాట నిజమే. కిందటేడు మిల్లు మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ, బండి గతుకులో పడితే ఇప్పటికీ ఆమెకు ప్రాణం పోయినంత పనవుతుంది. తోలేది ముని అన్నమాట దగ్గరే ఉంది చిక్కంతా.

ముందురోజు సాయంత్రం వెంకటముని పాత కారు తుడుస్తుంటే, వసారాలో మురుగేష్ భార్య ఉదయలక్ష్మితో అంటున్న మాట చెవిన పడింది. "కొత్త బండ్లో అన్నీ అదే సూసుకుంటాది. నేనే తోలుకుంటా. మునెన్నకు అరవై దాటె. మిల్లు గేటు కాడ కుర్చీ ఏసిస్తాం, జీతం అట్నే ఇస్తాం. నీడపట్టున కూసుంటాడు, పాపం."

మంచి మనసుతో అన్న మాటే. కానీ ఆ 'పాపం' విన్నాక వెంకటముని తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడిచాడు. ఇరవై ఆరేళ్లు ఆ ఇంటి స్టీరింగు పట్టిన చేతులు గేటు దగ్గర ఏం పట్టుకోవాలి, ఈలా, కర్రా? ఇంటికెళ్లి భార్య తిరుమలమ్మ దగ్గర వెళ్లబోసుకున్నాడు.

"కూసోబెట్టి జీతమిస్తామంటే ఏడ్సే మనిషిని నిన్నే సూస్తుండా" అందామె. ఆ తర్వాత అతని మొహం చూసి, కంచంలోకి ఇంకో ముద్ద సంగటి వేసింది.

వెంకటముని పనితనం తెలియకపోతే ఈ బాధ అర్థం కాదు. వయసులో ఉన్నప్పుడు అతను పుత్తూరులో టాక్సీ తోలేవాడు. విరిగిన కాళ్లతో, చేతులతో ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనాన్ని ఎముకలకు కట్టు కట్టే వైద్యుల వాకిటికి చేర్చడమే పని. కట్టులోకి గుడ్డు సొన కావాలి కనుక చాలామంది గుడ్లు కూడా కొనుక్కుని ఎక్కేవారు. అతనికి బండి నేర్పిన ఓబయ్య చండశాసనుడు. "గుడ్డు పగిలిందంటే ఎముక కదిలినట్టేరా. ఎనకనుంచి కేక ఇనపడితే బాడుగ అడగొద్దు" అనేవాడు. మొదటి నెలంతా వెంకటముని చాలా బాడుగలు వదులుకున్నాడు. రెండో ఏడాదికి గుడ్లు పగలడం మానేశాయి.

ప్రసూనాంబ పరిచయమైంది ఆ టాక్సీలోనే. ఏడేళ్ల మురుగేష్ చెయ్యి విరగ్గొట్టుకుంటే నగరి నుంచి బస్సులో పట్టుకొచ్చింది. బస్సు దిగేసరికి పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. టాక్సీ ఎక్కినవాడు వైద్యుడి వాకిలి చేరేలోపు తల్లి ఒళ్లో నిద్రపోయాడు. విరిగిన చేత్తో బిడ్డ నిద్రపోవడం ఆమె మరిచిపోలేదు. వారం తిరక్కుండా మనిషిని పంపి వెంకటమునిని నగరికి పిలిపించుకుంది.

అందుకని ఆదివారం పొద్దున నీలం కారు వచ్చి వాకిట్లో ఆగగానే, వెంకటముని వెదురుబుట్టలో డజను గుడ్లు పెట్టుకుని ఎదురొచ్చాడు. బుట్టలో గడ్డీ లేదు, గుడ్డపేలికా లేదు. తీసుకెళ్లి వెనక సీటులో ప్రసూనాంబ పక్కన పెట్టాడు. షోరూము నుంచి వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టారు.

"హైవే మీద ఏ బండైనా బాగానే పోతాది. పాత రోడ్డున పుత్తూరు పోయొద్దాం" అన్నాడు వెంకటముని. 

నీలం కారు చూడ్డానికి దర్జాగా ఉంది. చక్రాలు పెద్దవి, ఊపు ఎక్కువ. గుంతలొస్తే మాత్రం ఎత్తి కుదేస్తుంది. వెంకటముని తన విద్యనంతా కాళ్లలోకి, చేతుల్లోకి తెచ్చుకుని తోలాడు. ఒక్కో గుంతనూ బతిమాలుకున్నట్టు దాటించాడు. అయినా కాలవ మీది మోరీ దగ్గర దిగుడులో రెండు గుడ్లు చిట్లాయి. ప్రసూనాంబ పెదవి కొరుక్కుని, "ఏం కాలేదులే, పోనీ" అంది.

ఆ క్షణాన వెంకటమునికి లోపల సంతోషమేసింది. ఈ బండికి నేను కావాలి, నేను తోలితేనే రెండు, ఇంకొకడు తోలితే పన్నెండూ పోతాయి అనుకున్నాడు. అద్దంలో అమ్మ మొహం చూశాక ఆ సంతోషానికి తనే సిగ్గుపడ్డాడు.

మధ్యాహ్నం మూడింటికి తిరుపతి నుంచి రూపేష్ అనే సేల్స్ కుర్రవాడు తెల్ల కారు తెచ్చాడు. బుట్టలో చిట్లిన రెండింటి బదులు కొత్తవి చేరాయి. ఈసారి మురుగేష్ కూడా తల్లి పక్కన ఎక్కాడు. వాకిలి దాటి వెంకటముని యాక్సిలరేటరు మీంచి కాలెత్తగానే, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు బండి నిలబడబోయింది.

"కరెంటు బండి అంతేనన్నా. కాలు తీస్తే సాలు, అదే తగ్గిపోతాది. బ్యాటరీ కూడా ఎక్కుతాది. బ్రేకుతో పెద్దగా పనుండదు" అన్నాడు రూపేష్.

"అట్లనా" అన్నాడు వెంకటముని. రెండో వీధి మలుపు తిరిగేసరికి అతని కాలు ఆ సంగతి నేర్చేసుకుంది. వేలెడు వేలెడు చొప్పున నిదానంగా లేవసాగింది. కాలు చేసిన పని గురించి అతను ఆలోచించను కూడా లేదు. అతని ధ్యాసంతా గుంతల మీదే ఉంది. ఆ గుంతలేమో లేనట్టే వెళ్లిపోతున్నాయి.

"మునీ, మోరీ ఇంకా రాలేదా?" అని అడిగింది ప్రసూనాంబ.

"ఎప్పుడో దాటినామమ్మా."

పుత్తూరులో టీ అంగడి ముందు ఆపి చూస్తే పన్నెండు గుడ్లూ పన్నెండే. ప్రసూనాంబ మొహం తేటగా ఉంది. కారులో కూర్చునే వడ తింటోంది. మురుగేష్ టీ గ్లాసు పట్టుకుని పక్కకొచ్చాడు.

"చెప్పన్నా. ఏది?"

నీలంది అంటే సరిపోతుంది. ఒక్క మాట. గుడ్లదేముంది, గుడ్లు పగలడం మామూలే అంటే మురుగేష్ తలూపుతాడు. వెంకటముని టీ చల్లారేదాకా తాగాడు. కారులోకి చూశాడు.

"తెల్లదే తీసుకో అప్పా. అమ్మకు కడుపులో సల్ల కదల్లేదు" అన్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "ఈ బండికి తోలేవాడితో పన్లేదు. ఎవురు తోలినా ఒకటే" అన్నాడు.

కిటికీ అద్దం దించే ఉంది. ప్రసూనాంబ వడ తినడం ఆపి అతన్ని ఒక చూపు చూసింది.

"ఎవురు తోలినా ఒకటేనా? అట్లయితే వాపసు నువ్వే తోలు మురుగేషా. ముని ఈ పూట నా పక్కన కూసుంటాడు."

ఇరవై ఆరేళ్లలో వెంకటముని వెనక సీటులో కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నడుమ గుడ్ల బుట్ట, అవతల అమ్మ. ముందు రూపేష్ పక్కన మురుగేష్ చిన్నపిల్లాడిలా ఉత్సాహంగా బండి కదిలించాడు.

మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే అందరి తలలూ ఒకసారి ముందుకు ఊగాయి. కాలు ఎత్తాడు, ఊగాయి. తొక్కాడు, వెనక్కి పడ్డాయి. ప్రసూనాంబ తల ప్రతి వంద గజాలకూ 'అవునవును' అంటోంది. బుట్ట అంగుళం అంగుళం సీటు చివరికి జరుగుతోంది. కింద వెంకటముని కుడికాలు దానంతటదే మ్యాటు మీద మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. ఆ కాలు చూసి అప్పటికి అతనికి అర్థమైంది. గుంతలు బండి మింగింది. మిగతాది తాను చేశాడు.

చెప్పేలోపే రోడ్డుకు అడ్డంగా మేకల మంద వచ్చింది. మురుగేష్ కాలు మొత్తం ఎత్తేశాడు. వెంకటముని చెయ్యి చాపింది బుట్టకు కాదు, అమ్మకు. ఆమె ముందుకు తూలకుండా అడ్డంగా పట్టుకున్నాడు. బుట్ట బోర్లా పడింది. డజను గుడ్లూ కొత్త కారు నేల మీద ఒకటైపోయాయి.

"అమ్మా!" అని కేక పెట్టింది ప్రసూనాంబ.

రూపేష్ మొహం చూడాలి ఆ క్షణాన. మురుగేష్ బండిని పక్కకు తీసి కంగారుగా వెనక్కి తిరిగాడు. "నేను బ్రేకే తొక్కలేదమ్మా!"

"తొక్కలేదప్పా. కాలు ఎత్తినావు" అన్నాడు వెంకటముని.

"అది సెట్టింగులో తగ్గించుకోవచ్చు సార్" అన్నాడు రూపేష్ సొనను చూస్తూ, ఏడవలేక నవ్వుతూ.

"అట్లనా?" అంది ప్రసూనాంబ తొడ రాసుకుంటూ. "మా ఇంట్లో ఆ సెట్టింగు ఇరవై ఆరేళ్లుగా ఉండాదిలే నాయనా. మునీ, ముందరికి పో."

వెంకటముని దిగి ముందుకెళ్లాడు. ఆ నాలుగడుగులూ ఎలా వేశాడో అతనికే తెలియదు. మురుగేష్ వెనక్కి వచ్చి, జేబురుమాలుతో నేల తుడిచి తుడిచి, అది తన వల్ల కాదని వదిలేసి తల్లి పక్కన చతికిలపడ్డాడు. బండి కదిలిందో లేదో కూడా తెలియకుండా కదిలింది. చింతచెట్ల నీడలు అద్దం మీద పాకుతూ పోయాయి. కొంతసేపటికి అద్దంలోకి చూస్తే ప్రసూనాంబ కళ్లు మూసుకుని ఉంది. మురుగేష్ తల ఆమె భుజం మీద వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. ముప్పై మూడేళ్ల మనిషి, సరిగ్గా ఆనాటి మాదిరే. వెంకటముని మోరీ దగ్గర ఇంకాస్త నిదానించాడు, అక్కర లేకపోయినా.

నగరిలో ఇంటి ముందు ఆపాక అతను ఎవరినీ లేపలేదు. చేతులు స్టీరింగు మీదే ఉంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి మురుగేషే కళ్లు తెరిచి, తల్లి నిద్ర చెడకుండా మెల్లగా ముందుకు వంగాడు.

"అన్నా" అన్నాడు గుసగుసగా. "మిల్లు గేటు కాడికి ఇంకెవుర్నన్నా సూడాల. నీకు తెలిసినోళ్లుంటే చెప్పు."