శౌరమ్మ చూసిన వేడినీళ్లు

లాజరు తండ్రి బెజవాడ లోకోషెడ్‌లో రైలింజన్లకు బొగ్గు వేసేవాడు. ఆవిరింజన్లు ఆగిపోయినా బొగ్గు పని మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. గన్నవరం దారిలోని చిన్న కాగితం మిల్లులో లాజరు బాయిలర్ చూసేవాడు. వన్ టౌన్ నుంచి వచ్చే చిత్తుకాగితాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, అట్టపెట్టెలకు కాగితం తీసేవారక్కడ. తడి కాగితం ఆరాలంటే ఆవిరి కావాలి. ఆ ఆవిరికి రోజుకో లారీ బొగ్గు.

2002 వేసవిలో కాలవకు నీళ్లు ఆపేశారు. ఆడవాళ్లు బట్టలు ఉతకడానికి మిల్లు వెనక్కి వెళ్లసాగారు.

"ఏవయ్యా, మీ గొట్టంలోంచి వచ్చే నీళ్లు సలసలా కాగుతున్నాయి. అద్దంలా తేటగా ఉన్నాయి. చన్నీళ్లు కలపందే చెయ్యి పెట్టలేం," అంది అతని భార్య శౌరమ్మ.

పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నా లాజరు ఎప్పుడూ మిల్లు వెనక్కి వెళ్లలేదు. మర్నాడు డ్యూటీ దిగి వెళ్లి చూశాడు. థర్మామీటరు పెడితే ఎనభై అయిదు డిగ్రీలు! కాగితాన్ని ఆరబెట్టిన ఆవిరే నీరై నేలపాలవుతోంది. ఇటు తనేమో చల్లటి బోరునీళ్లని మళ్లీ మొదటినుంచి కాచుతున్నాడు. అతనికి సిగ్గేసింది.

"ఆ నీళ్లు బాయిలర్‌లోకే తిప్పితే బొగ్గు తగ్గుద్దండీ," అన్నాడు మేనేజర్ రామకోటేశ్వరరావు గారితో.

"అంత వేడినీళ్లని పంపు లాగదు లాజరూ."

"సెలవు రోజుల్లో చేసి చూస్తానండి. కుదరకపోతే నేనే పీకేస్తాను."

ఆటోనగర్ పాతసామాన్ల కొట్లలో గొట్టాలు ఏరుకొచ్చి, నేలలో తొట్టి దింపి, పంపు బిగించాడు. మొదటిరోజే పంపు గులకరాళ్లు నమిలినట్టు గడగడలాడింది. నీళ్లు కదల్లేదు. గొట్టం అతుకు ఊడి, వేడినీళ్లు చిమ్మి అతని ఎడమచెయ్యి బొబ్బలెక్కింది. "ఇక చాలు," అన్నారు మేనేజర్.

కట్టుతో ఇంట్లో కూర్చున్న వారం రోజులూ లాజరు అదే ఆలోచించాడు. కింద నుంచి లాగబోతే వేడినీళ్లు పంపులోనే ఆవిరవుతున్నాయి. అదే పై నుంచి దిగితే? మేనేజర్‌ని మళ్లీ బతిమాలి, తొట్టిని రెండు నిలువుల ఎత్తు స్టాండు మీద పెట్టించి, పంపుని దాని కింద బిగించాడు. గొట్టాల్లోని ఆవిరి ఒత్తిడే నీళ్లని పైనున్న తొట్టిలోకి తోసింది. పంపు చప్పుడు లేకుండా నడిచింది. నెల తిరిగేసరికి వారానికి ఏడు లారీల బొగ్గు ఆరయింది.

"మా వేన్నీళ్లు కాస్తా లాగేసుకున్నావుగా!" అని శౌరమ్మ మూడురోజులు దెప్పింది. లాజరు మేనేజర్‌ని అడిగి గోడ పక్కన బోరు కుళాయి పెట్టించాడు. చన్నీళ్లే, అయినా ఏడాది పొడుగునా వచ్చేవి.

రెండేళ్లకు, మిల్లుల్లో ఇంధనం ఆదా ఎలా జరుగుతోందో చూడడానికి పద్మశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. తగ్గిన బొగ్గును లెక్కగట్టి, ఆ మేరకు గాలిలో కలిసే, కంటికి కనపడని కార్బన్ వాయువు కూడా తగ్గిందని చెప్పింది.

"పొగంటే కళ్లకి కనపడేదే అనుకున్నానమ్మా," అన్నాడు లాజరు. "కనపడనిది కూడా తగ్గిందన్నమాట!"

2006లో మిల్లుకు రెండో మిషను వచ్చింది. గొట్టాలు వెయ్యకముందే మేనేజర్ అతన్ని ఆఫీసులో కూర్చోబెట్టి వాటి నక్షా అతని ముందు పరిచారు. అందులోని ఇంగ్లీషు లాజరు చదవలేడు. వేలితో ఆవిరి దారి వెంట నడిచి, మూడు ప్రశ్నలు అడిగాడు. ఆ సాయంత్రమే నక్షాలో రెండు గొట్టాలు మారాయి.