ఒంటరిగ ఉన్నప్పుడే అడగాలె

నేను గోదావరిఖనిల నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్త. సూది ఎట్ల ఎయ్యాలె, కట్టు ఎట్ల కట్టాలె అన్నయి వాళ్లు జల్దినే నేర్చుకుంటరు. ఇంట్ల దెబ్బలు తిని దవాఖానకు వచ్చిన ఆడమనిషితోటి ఎట్ల మాట్లాడాలె అన్న పాఠమే కష్టం. అది మొదలుపెట్టిన రోజు క్లాసుల సగం మంది నవ్వుతరు. సిగ్గుతోటి వచ్చే నవ్వు అది. ఇంకొందరు తల దించుకొని బల్లను గోటితోటి గీకుతుంటరు. వాళ్లను నేనేమడగ. నేను గూడ బొగ్గు కంపెనీ క్వార్టర్లల్ల పెరిగినదాన్నే. పక్కింట్ల దెబ్బ పడితే మా ఇంట్ల గిన్నెలు కదిలేటియి. మాకు ఇనపడొద్దని మా అమ్మ కండ్లు మూసుకొని ప్రార్థన గట్టిగ చేసేది.

క్లాసుల ఇద్దరిద్దరిని ముందుకు పిలుస్త. ఒకరు నర్సు, ఒకరు దెబ్బలు తిన్న మనిషి. కిందటి బ్యాచుల ఒక పిల్ల ఉండె. సెంటినరీ కాలనీ నుంచి బస్సుల వచ్చేది. వాళ్ల బాపు బాయిల దిగి బొగ్గు తవ్వేటాయన. మొదటిసారి నర్సుగ నిలబెడితే ఆ పిల్ల ఎదురుంగ ఉన్న దోస్తును పోలీసోళ్ల లెక్క అడిగింది.

"ఎవలు కొట్టిండ్రు? ఎందుకు కొట్టిండ్రు? నువ్వేమన్నవ్?"

అందరు నవ్విండ్రు. నేను ఆపిన.

"నువ్వేమన్నవ్ అని అడిగినవంటె నీ తప్పేంది అని అడిగినట్టే. ఆ మాట ఆమె ఇంట్ల రోజూ ఇంటనే ఉన్నది. దవాఖానల గూడ ఎందుకు ఇనాలె?"

ముందుగాల ఆమెను ఒంటరిగ చెయ్యాలె అని చెప్పిన. మొగుడు పక్కనుంటె అడగొద్దు, అత్త ఉన్నా అడగొద్దు, ఆఖరికి తల్లి ఉన్నా అడగొద్దు. సర్దుకపో అనొద్దు. ఇడిచిపెట్టి రా అని గూడ అనొద్దు, ఎందుకంటె బయటికి వచ్చినంక ఏమైతదో మనకంటె ఆమెకే ఎరుక. నేను కాపాడ్త అని మాట అస్సలే ఇయ్యొద్దు.

"మరి ఊకె ఇనుడేనా మేడం?" అన్నది ఆ పిల్ల, కోపంగనే.

"ఇనుడు ఊకె అయ్యే పని కాదు. చూద్దువు" అన్న. గప్పుడే ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ అయి కిటికీ అద్దాలు అదిరినయి. క్లాసు అక్కడికి అయిపోయింది.

కొన్ని వారాలకు మా పిల్లలకు దవాఖానల డ్యూటీ పడ్డది. ఒక పొద్దటి పూట ఒక అత్త తన కోడలిని తోలుకొని వచ్చింది. కోడలు చిన్న వయసుదే. మణికట్టు వాచిపోయి ఉన్నది. "నల్ల కాడ జారిపడ్డది" అని అత్తనే చెప్పింది. డాక్టరు ఎక్సురే చూసి బొక్క ఇరిగిందన్నడు, సిమెంటు పట్టీ ఎయ్యమన్నడు. పట్టీ గదిల ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకొని జాకెట్టు పొడుగు చేతిని మెల్లగ పైకి జరిపింది. మోచేతి కింద బయటి దిక్కు దెబ్బలు. కొన్ని నీలంగ, కొన్ని పాతవడి పచ్చగ. మొకానికి అడ్డం పెట్టుకున్న చేతుల మీదనే అట్లాంటి దెబ్బలు పడ్తయి. నేను అవతల బల్ల కాడ దూది సర్దుతున్న. ఆ పిల్ల నా దిక్కు చూసింది. ఎనుకకు మళ్లి అత్తతోటి అన్నది.

"అవ్వా, మందులు కింద కౌంటర్ల ఇస్తరు. లైను పెరుగుతది, జల్ది పోయి తెస్తవా?"

అత్త పోయింది. ఆ పిల్ల తలుపు దగ్గరికేసి, స్టూలు జరుపుకొని ఆమె ముంగట కూసున్నది.

"అక్కా, ఇసొంటి దెబ్బలతోటి వచ్చినోళ్లను మేము అందరిని అడుగుతం. ఇంట్ల ఎవలన్న నీ మీద చెయ్యి చేసుకుంటుండ్రా? చెప్పబుద్ధయితెనే చెప్పు."

ఆమె తలుపు మూసి ఉన్నదా అని చూసింది.

"చెప్తె నువ్వేం జేస్తవ్ చెల్లె?"

"నేను ఆపలేనక్క. అబద్ధమెందుకు చెప్పాలె? గని నువ్వు చెప్పింది మీ ఇంటికి పోదు. కొట్టుడు నీ తప్పుకు కాదు. నువ్వేం జేసినా, ఏమన్నా, అది నీ తప్పు కాదు."

గప్పుడు ఏడ్చింది ఆమె. తన మొగుడు తాగినా కొడ్తడు, తాగకున్నా కొడ్తడన్నది. కూర సల్లారిందని ఒకసారి, ఫోను ఎత్తలేదని ఒకసారి. చెయ్యి నల్ల కాడ ఇరగలే, పట్టుకొని మెలిపెడితె ఇరిగిందన్నది. అంగన్‌వాడీకి పోయే ఆడిపిల్ల ఉన్నదట. "పోలీసోళ్ల దగ్గరికి పోను. పోతె నా బిడ్డను వాళ్లే ఉంచుకుంటరు."

జిల్లాల ఆడోళ్ల కోసం సర్కారు నడిపే సెంటర్ గురించి ఆ పిల్ల చెప్పింది. ఉండనిస్తరు, వకీలును గూడ చూపిస్తరు అన్నది. నంబరు కాగితం మీద రాసిస్తనంటె ఆమె భయపడి వద్దన్నది. పట్టీ ఎండేదాంక ఆ పిల్ల ఆ నంబరును ఆమెకు నోటికి నేర్పింది. మా చిన్నప్పుడు ఎక్కాలు చెప్పిచ్చినట్టు, మళ్ల మళ్ల అనిపిచ్చింది.

అత్త తిరిగొచ్చి కోడలి కండ్లు చూసింది. "ఏమడిగినవే పిల్లా?"

"నొప్పి ఉన్నదా అని అడిగిన అవ్వా."

వాళ్లు పోయినంక ఆ పిల్ల వరండల గోడకు ఆనుకొని నిలబడ్డది. "మళ్ల ఆ ఇంటికే పాయె కద మేడం" అన్నది. "ఆమె మొగుడు ఎవలో ఎరికేనా? మా బాపును బతికిచ్చినాయన" అన్నది.

వాళ్ల బాపు, ఆమె మొగుడు బాయిల ఒక్క జాగల పని చేస్తరట. ఒకసారి పైకప్పు కూలి వాళ్ల బాపు నడుము దాంక బొగ్గుల కూరుకపోతే, మిగిలినోళ్లు ఉరికిండ్రట గని ఆయన ఉరకలే. ఉత్త చేతులతోటి తోడి బయటికి గుంజిండట. "ఆయన ఇంటికొస్తే మా అమ్మ కోడి కోస్తది మేడం. నేను ఆయనను కాకా అంట." అత్తను చూడంగనే గుర్తుపట్టిందట. తన మొకానికి మాస్కు ఉండబట్టి అత్తకు ముందు తెలువలే. గొంతు ఇన్నంక తెలిసే ఉంటది అన్నది.

తెలిసింది. ఆ వారంలనే ఆ పిల్ల బాపు కాలేజీకి వచ్చిండు. ఫస్ట్ షిఫ్టు దిగి తానం చేసి వచ్చిండు, కండ్ల చుట్టు ఇంకా నల్లగనే ఉన్నది. కుర్సీ చూపిస్తె కూసోలే.

"మీరు పిల్లలకు సూదులు మందులు నేర్పుండ్రి మేడం. మంది ఇండ్లల్ల సంగతులు ఎందుకు?"

"అది గూడ మా పనే అన్నా."

"ఆయన నన్ను అడుగుతుండు. నీ బిడ్డ నా పెండ్లాంను ఏమడిగింది, అదేం చెప్పింది అని. ఇంట్ల నా బిడ్డను అడిగితె నోరిప్పది. కోపమొచ్చి రెండు పూటలు అన్నం పెట్టొద్దన్న. అయినా చెప్పలే. మీరన్న చెప్పుండ్రి."

"నేను గూడ చెప్పనన్నా."

ఆయన అరుస్తడనుకున్న. అరవలే. మెల్లగ అన్నడు.

"లోపట మీకేం తెలుసు మేడం? చీకట్ల నా పానం ఆయన చేతుల ఉంటది, ఆయన పానం నా చేతుల ఉంటది. రేపు పైకప్పు కూలితె ఆయన నన్ను చూసి ఆగాలెనా, ఉరకాలెనా?"

ఆయన చెప్పింది నిజమే. ఆమె చేతుల మీద దెబ్బలు గూడ నిజమే. నీ బిడ్డ తన పని సక్కగ చేసింది అని మాత్రం అన్న. ఆయన తలూపకుంటనే పోయిండు. ఇంకో దవాఖానకు డ్యూటీ మార్పిస్తనని ఆ పిల్లతోటి అన్న. "వద్దు మేడం, ఆమె మళ్ల వస్తె?" అన్నది.

ఎండకాలం మొదలైనంక ఆమె మళ్ల వచ్చింది. ఈసారి ఒక్కతే, ఆటోల, చెవి కాడ కొంగు ఒత్తి పట్టుకొని. కొంగంత రక్తం. పేరు చెప్పకముందే "ఆ చెల్లె ఉన్నదా?" అని అడిగింది. గట్టిగ కొట్టిన దెబ్బకు చెవిల పొర పగిలింది. లోపట గూడ దెబ్బ తగిలిందన్నడు డాక్టరు. ఆ పిల్ల రక్తం తుడుసుకుంట ఏమడగలే. ఆమెనే అన్నది.

"చెల్లె, ఇగ పోను. పోతె సస్త. బిడ్డ ఆడనే ఉండిపాయె. అయినా పోను."

ఆమె ఒప్పుకున్నంకనే పోలీసోళ్లకు కబురు పెట్టినం. నోటికి నేర్చుకున్న నంబరుకు ఆమెనే ఫోన్ చేసింది. పొద్దుగూకేలోపటనే కాలనీ పెద్దమనుషులు వార్డు కాడికి వచ్చిండ్రు. కేసు అయితె నౌకరి పోతది, మాట్లాడి సర్దుదామని. వాళ్లల్ల ఆ పిల్ల బాపు గూడ ఉన్నడు. డ్యూటీల ఉన్నది ఆయన బిడ్డనే అని తెలిసి మిగిలినోళ్లు ఆయననే ముందుకు తోసిండ్రు.

ఆ పిల్ల వార్డు తలుపుల నిలబడ్డది.

"బాపూ, ఆమె ఎవలను కలువనన్నది."

"రెండు మాటలు మాట్లాడి పోత బిడ్డా."

"లేదు బాపూ."

"నేను నీ బాపును."

"ఇంట్ల బాపువే. ఈడ నేను డ్యూటీల ఉన్న."

ఆ పిల్ల తలుపు కాడికెల్లి జరగలే. నేను పోయి ఆ పిల్ల ఎనుక నిలబడ్డ. పెద్దమనుషులు గొణుక్కుంట పక్కకు జరిగిండ్రు. వాళ్ల బాపు మాత్రం ఆడనే నిలబడి, లోపలికి చూడకుంట, "చెవి పోయిందా?" అని అడిగిండు. ఆ పిల్ల దానికి గూడ జవాబు చెప్పలే. ఆయన తల దించుకొని మెట్లు దిగి పోయిండు.

మొగుణ్ని పట్టుకపోయిండ్రు, బెయిలు మీద ఇడిచిండ్రు. మళ్ల డ్యూటీకి ఎక్కిండు. ఆమె బెల్లంపల్లిల అక్క ఇంట్ల ఉంటున్నది, బట్టల దుకాణంల పని చేస్తున్నది. ఆ చెవి ఇనపడది. భయపడ్డట్టే బిడ్డ అత్త దగ్గర్నే ఉండిపోయింది, దాని కోసం కేసు నడుస్తనే ఉన్నది. ఆ పిల్లతోటి వాళ్ల బాపు మాట బందు పెట్టిండు. ఏమన్న చెప్పాలంటె తల్లితోటి చెప్పిస్తడు. చదువు అయినంక ఆ పిల్ల మంచిర్యాలల నౌకరికి చేరి ఆడనే రూము తీసుకున్నది.

ఆ పిల్ల బాపు ఒకసారి అంగట్ల కనపడ్డడు. కూరగాయల సంచి పట్టుకొని నా ఎంబడి కొంత దూరం నడిచిండు.

"లోపట ఇంకా ఆయన పక్కనే నిలబడుతున్న మేడం. పైన మాత్రం ఆయన ఇంట్ల చాయ్ తాగుతలేను."

"మీ బిడ్డకు చెప్పినవా అన్నా?"

"ఏమని చెప్పాలె?" అన్నడు.

మొన్న బిడ్డ కేసు వాయిదా ఉండె. ఆ పిల్ల సెలవు పెట్టి వచ్చింది, నేను గూడ పోయిన. అత్త మనుమరాలిని తోలుకొచ్చింది. కోర్టు ముంగట చెట్టు కింద తల్లి, బిడ్డ కొంచెంసేపు కలిసిండ్రు. చిన్నది తల్లిని గుర్తుపట్టింది గని దగ్గరికి పోలే. ఇనపడని చెవి దిక్కు నిలబడి మెల్లగ ఏదో అన్నది. ఆమెకు ఇనపడలే. "ఏమన్నది చెల్లె?" అని ఆ పిల్లను అడిగింది.

ఆ పిల్ల నా దిక్కు చూసింది. ఇట్లాంటిది నేను ఏ క్లాసుల చెప్పలే.

"నన్నెందుకు ఇడిచిపెట్టి పోయినవ్ అంటున్నదక్క."

ఆమె ఒంగి మోకాళ్ల మీద కూసున్నది. నేను నిన్ను ఇడిచిపెట్టలే బిడ్డా అని చెప్పవట్టింది. అంతల కేసు మళ్ల వాయిదా పడ్డదని వకీలు వచ్చి చెప్పిండు. అత్త చిన్నదాని చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కింది. మేము ఆమెను బెల్లంపల్లి బస్సు ఎక్కిచ్చినం. ఆ పిల్ల గూడ అదే బస్సు ఎక్కి ఆమె పక్కన, ఇనపడే చెవి దిక్కు కూసున్నది.