లక్ష్ముడి కట్టున్న మూటలు

అల తెచ్చి పడేసిన వస్తువు ఎవరిదో తెలియాలంటే కళింగపట్నం నుంచి చింతపల్లి దాకా ఏ జాలరివాడలో అడిగినా లక్ష్ముడి పేరే చెబుతారు. తుపానుకి తెగిన వల గానీ, వల తేలడానికి కట్టే బెండు గానీ అతని చేతిలో పెడితే చాలు, ఇటూ అటూ తిప్పి చూసి ఫలానా ఊరోళ్లదని తేల్చేస్తాడు. ఏ వాడ ముడి ఆ వాడదే, బెండు మీద కోసే గాటూ అంతే. అవి గుర్తుపట్టేవాళ్లు ఇంకా కొందరున్నారు. గుర్తుపట్టి ఊరుకోకుండా సొంతదారుకి కబురు పెట్టి, వాడొచ్చేదాకా కాపలా కాసే పిచ్చిమారాజు మాత్రం ఇతనొక్కడే. పెళ్లయిన కొత్తలో ఒడిశా నుంచి కొట్టుకొచ్చిన వలకి కాపలా ఉండిపోయి, అత్తారింటి విందుకి పోలేదు. భార్య దాలమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

అప్పజెప్పడానికి ఒక పద్ధతుంది. సొంతదారు వచ్చి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాలి. అప్పుడు గాటున్న బెండుని ముందుగా అతని చేతిలో పెడతారు. అది పుచ్చుకున్నాడంటే వల మొత్తం పుచ్చుకున్నట్టే. చిరిగినా, చచ్చిన చేపలతో కంపు కొడుతున్నా మోసుకుపోవాల్సిందే. బెండు పుచ్చుకుని వల వదిలేసిన మనిషిని లక్ష్ముడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మొన్న వానాకాలం మొదట్లో సముద్రంలో ఎక్కడో ఓ ఓడ మీంచి కంటైనర్లు జారిపడ్డాయి. కొన్నాళ్లకి లక్ష్ముడి ఊరు పెదదిబ్బలపాలెం ఒడ్డంతా తెల్లబడిపోయింది. చూస్తే సగ్గుబియ్యమంతేసి ప్లాస్టిక్ పూసలు. వీటిని కరిగించి బిందెలూ కుర్చీలూ చేస్తారట. చేసుకోండి, ఎవరొద్దన్నారు? మా నెత్తిన పోయడమెందుకు? అలకో పొర చొప్పున వచ్చి, నాచుతోనూ కుళ్లిన పీతలతోనూ ఎవరి పిల్లాడికో కట్టి పారేసిన డైపర్లతోనూ కలిసి ముద్దలు కట్టాయి. తొక్కితే కాలు జిగటగా అంటుకుని, ముక్కిపోయిన నూనె కంపు కొట్టేది. కాలివేళ్ల సందుల్లో అవే, చీర కుచ్చెళ్లలో అవే, కడుక్కుని కూర్చుంటే కంచంలోనూ అవే. కోసిన ప్రతి చేప పొట్టలోనూ గుప్పెడు తెల్లగింజలు కనబడుతుంటే, చేపలు తిని బతికే ఊరు చేప ముట్టుకోవడం మానేసింది.

దాలమ్మది ఎండుచేపల బేరం. ఇసుక మీద వల పరిచి, నెత్తళ్లు ఎండబెట్టి, పాతపట్నం సంతకి పట్టుకుపోతుంది. ఆమె సరుకులో ఇసుక రేణువు కూడా ఉండదని పేరు. ఆ వానాకాలంలోనే ఆ పేరు మట్టిలో కలిసింది. ఎన్నో ఏళ్లుగా ఆమె దగ్గరే కొనే నారాయణమ్మ అనే రైతు ఇల్లాలు, వేపుడు మూకుట్లో కరిగి సాగిన తెల్లటి జిగురుముద్దని విస్తరాకులో చుట్టి తెచ్చి, సంతలో అందరిముందూ విప్పింది.

"ఇదేటే దాలమ్మా? మా మనవడి నోట్లో అతుక్కుపోనాది. సీ! నీ సేతి సరుకని కళ్లు మూసుకుని కొన్నాను గదే!"

దాలమ్మ బుట్ట ఎత్తుకుని తిరుగు బస్సెక్కి, ఇంటికొచ్చి నెత్తళ్లన్నీ మొగుడి కాళ్ల ముందు కుమ్మరించింది.

"ఊరందరి వలలూ ఎవులివో సెప్తావు గదా. ఇదెవులిదో సెప్పు. ఆణ్ని రప్పించి ఎత్తుకుపొమ్మను. నేకపోతే నాను మళ్లీ సంత మొకం సూడను."

లక్ష్ముడికి ఆ మాట గుచ్చుకుంది. పూసలతోపాటు చిరిగిన సంచులు కూడా కొట్టుకొచ్చాయి. వాటి మీద ఏదో పేరు, పక్కన ముక్కోణం గుర్తు అచ్చేసి ఉన్నాయి. అతనికి చదువు రాదు గానీ గుర్తంటే గుర్తే. ఆ సంచుల్ని ఒడ్డంతా తిరిగి ఏరి, ఉతికి ఆరేసి, మడతపెట్టి దాచాడు. ఊరి బడిలో పాఠాలు చెప్పే శైలజ ఆ పేరు చదివి, ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి చివరికి కంపెనీవాళ్లని పట్టుకుంది. మనిషిని పంపిస్తామన్నారు.

ఆ మనిషి వచ్చేలోగా లక్ష్ముడు ఒడ్డు జల్లించడం మొదలెట్టాడు. తన పాత వలలే కోసి, సన్నకన్ను సంచులు కుట్టి, పూసలు నింపి, ఒక్కోదానికీ తన చేతి ముడి వేసి తమ చేపల పాకలో పేర్చాడు. రెండు చుట్లు తిప్పి వెనక్కి మెలేసే ఆ ముడి వాళ్ల తాతల నాటిది. చేతులు పొక్కిపోయాయి, ఒళ్లంతా దురద. ఎంత తోమినా పోని ఆ కంపుకి దాలమ్మ పక్క దూరంగా వేసుకుంది. పెంటకి కాపలా ఏట్రా అని ఊరు నవ్వింది.

"పరాయోడి సరుకు. ఆడొచ్చినంతవరకు సక్కగా ఉంచాల గదా," అన్నాడు లక్ష్ముడు.

కంపెనీ తరఫున తిరుమలరావు అనే ఆయన కారులో దిగాడు. దిగుతూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. తన సరుకు కంపు తనకే గిట్టలేదు పాపం. లక్ష్ముడు కొబ్బరికాయ అందిస్తే నవ్వుతూ కొట్టి ఫోటో కూడా తీయించుకున్నాడు. అప్పుడు లక్ష్ముడు మడతపెట్టిన సంచుల్ని రెండు చేతులా ఎత్తి అతని చేతుల్లో పెట్టాడు. బెండు ఇచ్చినట్టే ఇచ్చాడు.

"ఇవేనా? ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు తిరుమలరావు.

దాలమ్మ నీళ్లకుండ మీద కప్పిన ముక్క ఒకటుందని గుర్తొచ్చి, పరుగున పోయి అదీ తెచ్చిచ్చాడు లక్ష్ముడు.

"మూటల కోసం వెనకాల లారీ వస్తోంది," అన్నాడాయన. సంచులు డిక్కీలో వేసుకుని వెళ్లిపోయాడు.

లారీ రాలేదు. శైలజ మళ్లీ ఫోను చేస్తే, అవతల వేరే గొంతు చాలా మర్యాదగా, "ఏ సరుకమ్మా? మా పేరున్న సంచి ఒక్కటైనా మీ దగ్గరుందా?" అని అడిగింది. శైలజ ఆ మాట చెప్పినప్పుడు లక్ష్ముడికి ముందు అర్థం కాలేదు.

దాలమ్మకి వెంటనే అర్థమైంది. "ఆడు సరుకు కోసం రానేదు. పేరు సెరిపీసుకోడానికి వచ్చినాడు. నువ్వు ఉతికి, మడతెట్టి మరీ ఇచ్చీసినావు," అంది.

ఛీ, ఏం బతుకులు! రుమాలు ముక్కుకి కాదు, మొహానికి కట్టుకోవాల్సింది ఆ తిరుమలరావు.

పంచాయతీవాళ్లని అడిగితే మీ పాకలో ఉన్నవి మీవే కదా అన్నారు. మూటలు అలాగే పడి ఉన్నాయి. ఆ శీతాకాలం ముందు వాయుగుండానికి సముద్రం పొంగి పాకని మూటలతో సహా ఊడ్చుకుపోయింది. పీడ వదిలిందన్నారు ఊళ్లోవాళ్లు. లక్ష్ముడు దక్షిణం వైపు చూశాడు. ఆ గాలికి నీరు ఎటు లాగుతుందో అతనికి తెలుసు.

అనుకున్నట్టే దక్షిణాన చింతపల్లి నుంచి ఫోనొచ్చింది. చేసింది చినబాబు. ఒకప్పుడు వాళ్ల నాన్న వల కొట్టుకొస్తే లక్ష్ముడే కాపలా కాసి అప్పజెప్పాడు.

"మావా, నీ మూటలు మా ఒడ్డుకొచ్చినాయి. ముడి సూడగానే నీదేనని పోల్చీసినాను. కొన్ని పిగిలిపోయి మా ఆడోళ్ల సేపల్లో కలిసిపోనాయి. పోన్లే, ఏటి సేస్తాం. మిగతాయి ఎవుల్నీ ముట్టనివ్వకండా కాపలా ఎట్టినాను. వస్తావా?"

అవి నావి కావు అనే మాట లక్ష్ముడి నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"వస్తన్నాను," అన్నాడు.

దాలమ్మ తిడుతూనే కొబ్బరికాయ తెచ్చి అతని సంచిలో పడేసి, తానూ చెప్పులేసుకుంది.

చింతపల్లి ఒడ్డున ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు వల మీద పరిచిన నెత్తళ్ల నిండా తెల్లపూసలే. లక్ష్ముడు గంగమ్మకి కాయ కొట్టాడు. చినబాబు పద్ధతి ప్రకారం తెగిన ముడిని ముందుగా తెచ్చి, రెండు చేతులా అందించాడు.

లక్ష్ముడు చెయ్యి చాపి పుచ్చుకున్నాడు.