గింజలు లేని గట్టు

ఉదయం ఏడూ నలభైకి నేను ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకున్నాను. పక్షులను చూసేవాళ్ళు ప్రతి దానికీ టైము రాసుకుంటారు. అది మా అన్న నేర్పిన అలవాటు. అందుకే అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. బళ్ళారిలో శ్మశానం పక్క సందులో చాలా ఏళ్ళు అద్దెకున్నాను. దోమలు తప్ప నన్ను పీడించినవి లేవు. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. చూసింది చూసినట్టు ఒకచోట పెట్టాలని రాస్తున్నాను.

మా అన్న బళ్ళారి పక్కన కుడతిని కరెంటు ప్లాంటులో ఇంజనీరు. పెళ్ళి చేసుకోలేదు. చలికాలం ఆదివారాలు కెంచనగుడ్డ దగ్గర తుంగభద్ర ఒడ్డుకు పోయేవాడు. అక్కడ నదిని ఆనుకుని పల్లపు నేల ఉంది. వరిమళ్ళ నీళ్ళు దిగి ఏడాదంతా బురదగా ఉంటుంది, జమ్ము పెరుగుతుంది. చలి మొదలయ్యాక హిమాలయాల అవతలి నుంచి అక్కడికి బాతులు వస్తాయి. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల గీతలు. మేము గీతల బాతులు అనేవాళ్ళం. రెండొందల అడుగుల దూరంలో మనిషి కనిపిస్తే చాలు, లేచిపోతాయి.

అన్న తీసిన ఫోటోల్లో మాత్రం వాటి ముక్కు మీది బురద చుక్క కూడా కనిపించేది. ఎట్లా తీశావని అడిగితే, "ఓపికుండాల్రా. జమ్ములో మూడు గంటలు మెదలకుండా పడుకుంటే అవే వస్తాయి" అనేవాడు.

అడవి పక్షికి ఒక్క గింజ కూడా వేయకూడదని ఆయన నియమం. గింజ వేస్తే దానికి మనిషంటే భయం పోతుంది, భయం పోయిన పక్షి బతకదు అని చెప్పేవాడు. ఒకసారి నేను బిస్కెట్టు ముక్క విసిరినందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. నాకు ఆయన అన్న మాత్రమే కాదు. నేను చూసిన మనుషుల్లో చెప్పిన మాట మీద నిలబడినవాడు ఆయనొక్కడే అనుకునేవాణ్ణి. ఆ ఫోటోలతో ఒక పుస్తకం వేయాలని ముందుమాట కూడా రాశాను. "ఒక్క గింజ వేయకుండా తీసిన ఫోటోలివి" అన్నది అందులో మొదటి వాక్యం. అచ్చుకిచ్చే ముందు ఆ చోటు ఇంకోసారి చూద్దామని మొన్న జనవరిలో బండి మీద వెళ్ళాను.

గట్టు మీద ఈరన్న బర్రెలు మేపుతున్నాడు. అరవై దాటిన మనిషి, అన్నకు ఆ ఊళ్ళో బాగా తెలిసినవాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏందప్పా, ఇంత చలిలో? బాతుల్ని లెక్కేసే నౌకరీ సర్కారు ఇస్తాదంటే చెప్పు, నేనూ వస్తా."

"నీ బర్రెల్ని లెక్కేసేదే నీకు రాదు గదా ఈరన్నా."

"అవే నన్ను లెక్కేసుకుంటాయిలేప్పా. నేను లేకుంటే అరుస్తాయి."

ఆ టీ తాగుతుండగానే బాతులు మడిలో నుంచి గట్టెక్కాయి. ముప్పై ఎనిమిది. లేచిపోతాయని ఊపిరి బిగబట్టాను. లేవలేదు. మా వైపే నడిచి వచ్చాయి. నా కాళ్ళకు నాలుగడుగుల దూరంలో నన్ను దాటుకుని పోయి, గట్టు మీద ఒక ఖాళీ చోటు చుట్టూ ఆగాయి.

అన్నీ మెడలెత్తి ఆ ఖాళీలోకి చూశాయి. తర్వాత తలలు వంచి నేలను పొడవసాగాయి. కోళ్ళకు జొన్నలు చల్లితే చేయి ఊగిన వైపుకు పరిగెత్తుతాయి కదా, అచ్చం అట్లాగే ఒకసారి ఇటు, ఒకసారి అటు పరిగెత్తాయి. మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటును మాత్రం ఒక్కటీ తొక్కలేదు. గాలి లేదు. మంచు లేదు. ఎండ పడుతోంది.

ఈరన్న చెప్పులు విడిచాడు. మెల్లగా అన్నాడు:

"చూసినావాప్పా? ఎడం పక్కనే ఎక్కువుండాయి. మీ అన్న ఎడం చేత్తోనే గదా చల్లుతాండేది."

"ఏంది చల్లేది?"

నాకు తెలియదని ఈరన్నకు అప్పుడు అర్థమైంది. కాసేపు బర్రెల వైపు చూశాడు.

"వడ్లప్పా" అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. అన్న ప్రతి ఆదివారం సంచిలో వడ్లు తెచ్చేవాడు. బాతులు ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చి తినేవి. అది చూసి వలలు పన్నేవాళ్ళు మిగతా రోజుల్లో రావడం మొదలుపెట్టారు. అదే చోట కూర్చుని అట్లాగే గింజలు చల్లి, వచ్చినవాటిని వచ్చినట్టు పట్టుకుపోయారు.

"మా అన్నకు తెలుసా?"

"చెప్తినప్పా. వడ్లు ఏసేది ఆపు సారూ అంటిని. ఈకలు చూపిస్తిని. తలకాయ ఊపినాడు. మళ్ళా వారం సంచి తెచ్చినాడు. ఒక్క ఫోటో ఈరన్నా, ఇంకొక్కటే అన్నాడు."

ఏడూ యాభై ఐదుకు బాతులు లేచిపోయాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేలంతా వెతికాను. ఒక్క గింజ లేదు, పొట్టు లేదు. ఎండిన మట్టి మీద ముక్కులతో పొడిచిన గుర్తులున్నాయి, మధ్యలో ఏ గుర్తూ లేని చోటుంది. బాతులున్నప్పుడే ఫోన్లో రెండు ఫోటోలు తీశాను. వాటిలో బాతుల వీపులు తప్ప ఏమీ లేవు.

పక్షుల గురించి తెలిసిన ఒకరిని అడిగితే, చోటు గుర్తుండి ఉంటుందన్నారు. కావచ్చు. కానీ అన్న పోయాక ఆ రోజు దాకా రెండు చలికాలాల్లో అవి ఒక్కసారి కూడా ఆ గట్టెక్కలేదని ఈరన్న చెప్పాడు. పైగా గుర్తున్నది చోటైతే, తలలు దేని వెంట తిరిగాయి? నేను దయ్యాన్ని చూశానని అనను. నేనేమీ చూడలేదు. చూసినవి బాతులు.

వచ్చింది ఆయనే అయితే, పోయాక కూడా ఆపలేదన్నమాట. పక్కనే నిలబడి ఉన్న నా వైపు తిరగనూ లేదన్నమాట. ఆయన కాకపోతే అదేమిటో నాకు తెలియదు. ఈ రెంటిలో ఏది నిజమైతే బాగుండునో కూడా ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బిస్కెట్టు ముక్కకు ఆ వారం రోజులు నేను ఎంత సిగ్గుపడ్డానో మాత్రం గుర్తొస్తుంది.

పుస్తకం వేయలేదు.

అన్నకు పిల్లలు లేరు కనుక తద్దినం నేనే పెడతాను. ఈ ఏడు కూడా పెట్టాను. కాకికి ముద్ద పెట్టడం మానేశాను.