చెంబు ఇంజన్‌కు అమ్మ పెట్టిన బొట్లు

పిల్లలూ, మీ తాత చేసిన ఆవిరి ఇంజన్ కథ చెప్పమని ఫోన్లో అడిగారు కదా. చెప్తాను. నడుమ నాకు నవ్వొస్తే మాత్రం మీరు కాస్త ఆగాలి.

అప్పుడు పటాన్‌చెరులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మీ తాతకు మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ పని. పొద్దంతా గదంత బాయిలర్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇంట్లో కూడా ఒకటి ఉండాలన్నారు. చిన్నది, పీట మీద పట్టేది.

మా అమ్మ నా పెళ్లికి పెట్టిన ఇత్తడి చెంబు మీద ఆయన కన్ను పడింది. నేనే తీసిచ్చాను. గిన్నెలకు మాట్లు వేసే ఆయనతో దాని మూతి మూయించారు. నీళ్లు పోయడానికి పైన ఒక బోల్టు, ఆవిరి ఎక్కువైతే వదలడానికి పెన్ను స్ప్రింగుతో ఒక వాల్వు, కింద స్పిరిట్ దీపం. పక్కన వేలంత గొట్టం, అందులో పిస్టన్, దానికో చక్రం.

ఆ గొట్టం ఒక నున్నటి పలకకు ఆనుకుని ఉయ్యాల ఊగుతుంది. ఊగినప్పుడల్లా పలకలోని సన్న రంధ్రంలోంచి ఆవిరి వచ్చి పిస్టన్‌ను తోస్తుంది. గొట్టాన్ని పలకకు అదిమి పట్టేది వెనకున్న నట్టు. బిగిస్తే కదలదు. వదిలితే ఆవిరంతా సందులోంచి బుస్సుమంటుంది. తిరగడమనేది ఆ రెంటి నడుమ వెంట్రుకవాసిలో ఉంది. దాన్ని వెతకడానికే మా ఆదివారాలన్నీ పోయాయి. ఆయన నట్టు తిప్పేవారు, నేను చెవి పెట్టి "జెర బిగియ్యి... అయ్యో, గంత గాదు!" అనేదాన్ని.

ఒక ఆదివారం టుక్ టుక్ టుక్ మని తిరిగింది. ఇద్దరం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగాం. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఆ సంబరం పట్టలేక, ఇద్దరం మా అమ్మ ఇంటికి వెళ్లినప్పుడు ఆమెకు చెప్పేశాను, చెంబు సంగతితో సహా.

అమ్మది ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల ఊరు. ఇత్తడంటే ప్రాణం.

"నా చెంబు బొడ్డుకింద మంట పెట్టిండా నీ మొగడు? దసరాకొస్త. నా కండ్ల ముంగట తిరిగిందా, సరే. తిరగలేదో, కోసి మల్ల చెంబు చేసియ్యాలె."

"తిరగకుంటే నా చేత్తోనే కోస్త అత్తమ్మా," అన్నారు మీ తాత.

దసరా పొద్దున ఆయన ఫ్యాక్టరీలో ఆయుధపూజకు వెళ్లారు. ఇంట్లో అమ్మ నా కుట్టుమిషన్‌కు బొట్టు పెట్టి ఇంజన్ ముందు కూర్చుంది.

"పందెం పందెమే, పూజ పూజే," అంటూ తడి పసుపు మెత్తి, మీద కుంకుమ అద్దింది. ఎక్కడ మెరిస్తే అక్కడ.

ఆయన వచ్చి దీపం వెలిగించారు. నీళ్లు మరిగాయి. చక్రాన్ని వేలితో తోశారు. ఊహూఁ. నట్టు వదిలారు, బిగించారు. వాల్వు బుసకొట్టింది కానీ చక్రం ఉన్నచోటే ఉంది.

"ఓడినవ్ అల్లుడా," అంది అమ్మ తీరిగ్గా. "రంపం తే."

ఆయన నిజంగానే రంపం కోసం లేచారు. నాకు ఏడుపొచ్చింది. కిందికి వంగి చూస్తే, గొట్టానికీ పలకకూ నడుమ సందులో పచ్చగా గీత!

"అమ్మా! నీ పసుపే అడ్డం పడ్డది!"

"ఏందే? దేవునికి పెట్టిన పసుపు అడ్డం పడ్తదా?"

"దేవునికి రంధ్రాలు లేవు అత్తమ్మా, దీనికున్నయి," అన్నారు మీ తాత. పోయిన ప్రాణం లేచొచ్చింది ఆయనకు.

దీపం ఆర్పి, చల్లారాక గొట్టం ఊడదీశాం. కుట్టుమిషన్ సూదితో రంధ్రం పొడిచాను, మిషన్ నూనెతో పలక తుడిచాను. దొరికినంత తీశాం. మళ్లీ బిగించి మళ్లీ వెలిగించాం. అమ్మ కదలకుండా ఎదురుగా, చూపు తిప్పకుండా కూర్చుంది. చక్రం ఒకసారి ఉలిక్కిపడింది. ఆగింది. ఆయన నట్టును ఇంతంటే ఇంత వదిలారు.

టుక్. టుక్. టుక్ టుక్ టుక్!

లోపల మిగిలిన పసుపూ కుంకుమా ఆవిరితో కలిసి చిమ్మనగ్రోవిలా బయటికొచ్చాయి. అమ్మ ముక్కు మీద, కొత్త చీర మీద, గోడ మీద అన్నీ ఎర్రటి చుక్కలే. ఆపడానికి మాకు చేతులు రాలేదు, నవ్వుతో కడుపు పట్టుకున్నాం.

"దసరానాడు హోలీ ఆడిస్తున్నవేందిరా అల్లుడా!" అని అరిచింది. కానీ ముఖం తుడుచుకోలేదు. చక్రం మీంచి చూపు తియ్యలేదు. నీళ్లయిపోయి అది ఆగేసరికి అమ్మ ముఖం చిన్నబోయింది.

"ఏమైంది? ఎందుకాగింది?"

"నీళ్లైపోయినయి అత్తమ్మా. సల్లారినంక పోయాలె."

అమ్మ విసనకర్ర అందుకుని చెంబుకు విసరడం మొదలుపెట్టింది. చెయ్యి మార్చి మార్చి విసిరింది. చల్లారిందని ఆయన పైన బోల్టు విప్పగానే నన్ను పక్కకు జరగమని, తాను తాగడానికి పెట్టుకున్న గ్లాసు ఎత్తి, ఒక్క చుక్క కింద పడకుండా నీళ్లు చెంబులో పోసింది.

"ఊఁ, జల్దీ ముట్టియ్యి," అంది.